పాత సైకిలుకు కొత్త రంగు



ఈ పూట సైకిలు గురించి మాట్లాడుకుందాం. కొత్త సైకిలు కాదు, పాతది. పంచలో గోడకు ఆనించిన సైకిలు. దొడ్లో కట్టెల పక్కన పడి ఉన్న సైకిలు. తాత తొక్కిన సైకిలు.

గుంటూరు, ప్రకాశం వైపు ఊళ్ళల్లో ఇలాంటి సైకిళ్ళు ఎన్నో ఉన్నాయి. నల్ల రంగు. ఎత్తయిన ఫ్రేము. సీటు నుంచి హ్యాండిలు దాకా అడ్డంగా ఒక దండం. ఇనప కడ్డీల బ్రేకులు. 28 అంగుళాల చక్రాలు. మొత్తం బరువు 20 కిలోల దాకా ఉంటుంది. దూరం పోవడానికి, బరువు మొయ్యడానికి చేసిన బండి అది. దాని మీద పత్తి బోరేలు వెళ్ళాయి. మిరప నారు కట్టలు వెళ్ళాయి. పాల క్యాన్లు వెళ్ళాయి. పురుగు మందు డబ్బాలూ వెళ్ళాయి. పెళ్ళిలో అల్లుడికి ఇచ్చిన సైకిళ్ళూ ఉన్నాయి.

ఇప్పుడు దానికి తుప్పు పట్టింది. పాత సామాన్లవాడు వీధిలోకి వచ్చి కేకేస్తాడు. తూకం వేసి, కిలోకు ఇంత అని లెక్క కట్టి తీసుకుపోతాడు.

ఇచ్చెయ్యాలా? బాగుచేసుకోవాలా? దీనికి జవాబు రంగు చూస్తే తెలియదు. రంగు కింద ఉన్న ఇనుము చూస్తే తెలుస్తుంది.

ఈ బళ్ళు ఎక్కడివి?

తెల్లదొరల కాలంలో మంచి సైకిళ్ళు ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చేవి. ర్యాలీ సైకిలు అక్కడి నాటింగ్‌హామ్ ఊరిది. స్వతంత్రం వచ్చాక ఇక్కడే ఫ్యాక్టరీలు పెట్టారు. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో హెర్క్యులిస్ సైకిళ్ళ కంపెనీ మొదలైంది. 1951లో హర్యానా వైపు సోనీపత్‌లో అట్లాస్ మొదలైంది. బెంగాల్లో అసన్‌సోల్ దగ్గర సేన్-ర్యాలీ ఫ్యాక్టరీ నడిచింది. 1956లో పంజాబులోని లూధియానాలో హీరో మొదలైంది.

వీటిల్లో కొన్ని ఇప్పుడు లేవు. సేన్-ర్యాలీ ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో ఉన్న అట్లాస్ ఫ్యాక్టరీలో 2020 జూన్ 3న పని ఆగిపోయింది. జూన్ 3 ప్రపంచ సైకిలు దినం. సైకిలు పండగ రోజునే ఆ ఫ్యాక్టరీ పనివాళ్ళకు పని పోయింది.

అంటే ఆ పాత ఫ్రేముల్లో కొన్నింటి జోడు మళ్ళీ తయారుకాదు. ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే.

ముందు చదవండి, రాసుకోండి

ఒక ఇల్లు అనుకోండి. ఆ ఇంట్లో ఒక అత్త, ఒక కోడలు. కోడలు మిరపకాయల కోతకు పోతుంది. ఆమె కూతురు హైస్కూలుకు నడిచిపోతుంది. పంచలో మామగారి సైకిలు ఉంది.

"అత్తా, దీన్ని అమ్మేద్దామా, బాగుచేయిద్దామా?" అని కోడలు అడిగింది.

"మీ మామ కష్టం అమ్మాయ్ అది. పనికొస్తుందో రాదో ముందు చూడు. తరవాత మాట్లాడదాం" అంది అత్త.

అత్త మంచి మాట చెప్పింది. చూడటం ఎక్కడ మొదలుపెట్టాలి?

హ్యాండిలు కింద, ముందు గొట్టం మీద ఒక బిళ్ళ ఉంటుంది. దాని మీద కంపెనీ పేరు ఉంటుంది. అది ఇంగ్లీషులో ఉంటే బడికి పోయే పిల్లను అడగండి. ఫ్రేము మీద నెంబరు కూడా కొట్టి ఉంటుంది. సీటు కింద అతుకు దగ్గర చూడండి. లేకపోతే సైకిలు తలకిందులు చేసి, పెడళ్ళ మధ్య ఉన్న గొట్టం అడుగున చూడండి. మట్టి ఉంటే తడిబట్టతో తుడవండి. ఆకురాయితో రుద్దకండి. నెంబరు చెరిగిపోతుంది.

ఆ అంకెలు మీరే చదవగలరు. చదివి నోటు బుక్కులో రాసుకోండి. ఎందుకు? రేపు సైకిలుకు రంగు మారుతుంది. ఎవరన్నా ఎత్తుకుపోతే నల్ల సైకిలు అని చెబితే చాలదు. నెంబరు చెబితే అది మీ బండి అని చూపించవచ్చు. రంగు వేసేటప్పుడు కూడా నెంబరు పూడిపోయేంత మందంగా వెయ్యకూడదు.

ఇనుము బాగుందా?

సైకిలుకు ప్రాణం ఫ్రేము. టైర్లు, గొలుసు, పెడళ్ళు మార్చుకోవచ్చు. ఫ్రేము విరిగితే మనిషి పడతాడు. అందుకని నాలుగు పరీక్షలు చెయ్యాలి.

మొదటిది, పగుళ్ళు. గొట్టాలు కలిసే అతుకులన్నీ చూడాలి. హ్యాండిలు దగ్గర, పెడళ్ళ దగ్గర, వెనక చక్రం ఇరుసు దగ్గర, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు దగ్గర. రంగు మీద వెంట్రుకలాంటి గీత, ఆ గీత పొడుగునా తుప్పు కనిపిస్తే అది పగులు కావచ్చు. దాన్ని రంగుతో కప్పితే ప్రమాదాన్ని కప్పినట్టే.

రెండోది, ముడతలు. సైకిలు ఎప్పుడన్నా దేన్నయినా గుద్దుకుంటే, కింది గొట్టం అడుగున, హ్యాండిలుకు దగ్గరగా, ముడత పడుతుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. ముడత పడిన చోట ఇనుము బలం పోయినట్టు.

మూడోది, వంకర. దీనికి దారం చాలు. వెనక చక్రం తీసెయ్యాలి. కుడివైపు ఇరుసు పట్టే చోట దారం కట్టాలి. దాన్ని హ్యాండిలు గొట్టం చుట్టూ తిప్పి, బిగువుగా లాగి, ఎడమవైపు ఇరుసు పట్టే చోట కట్టాలి. ఇప్పుడు సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఎంత ఎడం ఉందో స్కేలుతో కొలవాలి. కుడివైపు ఎంతో ఎడమవైపూ అంతే ఉంటే ఫ్రేము తిన్నగా ఉన్నట్టు. తేడా ఉంటే వంగినట్టు.

నాలుగోది, లోపలి తుప్పు. పెడళ్ళ మధ్య గొట్టం అన్నిటికన్నా కింద ఉంటుంది. లోపలికి పోయిన వాన నీళ్ళు అక్కడ చేరతాయి. ఆ చోట మేకు మొనతో గట్టిగా నొక్కి చూడండి. గట్టిగా నిలబడితే మంచిదే. మేకు దిగబడితే లోపల ఇనుము తినిపోయింది.

చూసినదంతా సైకిలు షాపతనికి కూడా చూపించాలి. "అన్నా, ఈ గీత పగులా, రంగు లేచిందా?" అని అడగాలి. ఫోర్కు పగిలితే ఫోర్కు మార్చాలి. ఫ్రేము చాలా చోట్ల తిని పోతే అది ఇక బండి కాదు, పాత ఇనుమే. అప్పుడు తూకానికి ఇవ్వడమే మేలు. దానికి బాధపడక్కర్లేదు. కానీ ఇనుము బాగుంటే, పైన ఎంత తుప్పు కనిపించినా ఆ బండి బతికి ఉన్నట్టే.

తుప్పు అంటే ఏమిటి?

ఇనుము, నీరు, గాలి. ఈ మూడూ కలిస్తే తుప్పు పుడుతుంది. మన నల్లరేగడి మట్టి సంగతి మీకు తెలుసు. వానపడితే బంకలా అంటుకుంటుంది. మడ్‌గార్డుకూ చక్రానికీ మధ్య గడ్డకట్టి రోజుల తరబడి తడి పట్టి ఉంచుతుంది. అక్కడ తుప్పు ముందు మొదలవుతుంది. చీరాల, బాపట్ల వైపు సముద్రపు ఉప్పు గాలి. అక్కడ తుప్పు ఇంకా తొందరగా పడుతుంది.

రంగు సైకిలుకు సోకు ఒక్కటే కాదు, చొక్కా లాంటిది. నీటినీ గాలినీ ఇనుముకు తగలనియ్యదు. రంగు ఒక్కచోట గీసుకుపోతే అక్కడ తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి, చుట్టుపక్కల రంగును కూడా పైకి లేపుతుంది. ఆ సందులోకి మళ్ళీ నీరు పోతుంది. అందుకే తుప్పు మీద రంగు పూస్తే నిలవదు. ముందు తుప్పు పోవాలి. తరవాతే రంగు.

గీకేముందు జాగ్రత్త

ఇక్కడ ఆగి, బాగా వినవలసిన మాట ఒకటి ఉంది.

పాత ఎనామిల్ రంగుల్లో సీసం కలిపేవారు. సీసం విషం. రంగు గీకితే దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ము చేతులకు అంటుతుంది, చేతుల నుంచి నోట్లోకి పోతుంది. గాలితో లోపలికీ పోతుంది. చిన్న పిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. కడుపులో బిడ్డకూ హాని చేస్తుంది. ఇంత లోపలికి పోతే ఫరవాలేదు అనే లెక్క సీసానికి లేదు.

మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం మీద హద్దు పెడుతూ 2016లో నియమాలు వచ్చాయి. అవి 2017 నవంబరు 1 నుంచి అమలయ్యాయి. పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించి సీసం ఉండకూడదు. కానీ తాత సైకిలు రంగు అంతకు ముందుది. కాబట్టి అందులో సీసం ఉందనే అనుకుని పని చెయ్యాలి.

ఎలా చెయ్యాలి?

గర్భిణీలు ఈ పని చెయ్యకూడదు. చిన్న పిల్లలు దగ్గరికి రాకూడదు.

పొడిగా గీకకూడదు. నీళ్ళలో తడిపి రుద్దే గరుకు కాగితం రంగుల కొట్లో దొరుకుతుంది. దాన్ని వాటర్ పేపరు అంటారు. తడిపి రుద్దితే దుమ్ము లేవదు.

ముక్కూ నోరూ మూసుకోవాలి. కింద పాత పట్టా పరవాలి. రాలిన పెచ్చులన్నీ పట్టా మీదే పడాలి. వాటిని కాగితంలో చుట్టి, కవర్లో మూటగట్టి, చెత్త బండిలో వెయ్యాలి. పొయ్యిలో వెయ్యకూడదు. రంగును మంటతో కాల్చకూడదు. పశువులు తిరిగే చోట పడెయ్యకూడదు.

పని అయ్యాక చేతులు సబ్బుతో కడగాలి. స్నానం చెయ్యాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి. ఆ తరవాతే అన్నం గిన్నె ముట్టుకోవాలి.

ఇంకొకటి. ఆ సైకిలు క్యారియరు మీద పురుగు మందు డబ్బాలు మోసి ఉంటారు. అందుకని గీకక ముందే సైకిలంతా సబ్బు నీళ్ళతో కడగాలి. ఖాళీ మందు డబ్బాను రంగు కలపడానికి కూడా వాడకూడదు.

పని వరస

ఊడదీయడం: చక్రాలు, మడ్‌గార్డులు, క్యారియరు, గొలుసు, సీటు, హ్యాండిలు తీసెయ్యాలి. పెడలు కడ్డీకి బిగించిన కాటరు పిన్ను మొండిగా ఉంటుంది. అది షాపతని చేత తీయించాలి. లోపల చిన్న ఇనప గోళీలు ఉంటాయి. ఏ చోట నుంచి ఎన్ని గోళీలు వచ్చాయో రాసుకోవాలి. ఒక్కొక్క చోటివి ఒక్కొక్క డబ్బాలో వేసి, డబ్బా మీద పేరు రాయాలి.

రుద్దడం: పాత రంగు గట్టిగా అంటుకుని ఉన్న చోట అంతా తీసెయ్యక్కర్లేదు. మెరుపు పోయేదాకా గరుకు చేస్తే చాలు. లేచిన చోట, తుప్పు పట్టిన చోట మాత్రం మెరిసే ఇనుము కనపడేదాకా రుద్దాలి. ముందు బిళ్ళ మీద, నికెలు పూత ఉన్న భాగాల మీద గరుకు కాగితం పెట్టకూడదు.

ఆరబెట్టడం: కడిగి, పొడిబట్టతో తుడిచి, ఎండలో పెట్టాలి. పట్టిన ఇనుమును రాత్రంతా అలా వదిలెయ్యకూడదు. తేమ గాలికి తెల్లారేసరికి మళ్ళీ ఎర్రబడుతుంది. అందుకే రుద్దిన రోజునే మొదటి పూత వెయ్యాలి.

మొదటి పూత: దీనికి రెడ్ ఆక్సైడ్ ప్రైమరు వాడతారు. అది తుప్పు రంగులోనే ఉంటుంది. ఎందుకో తెలుసా? అందులో కలిపిన ఎర్రపొడి కూడా ఇనుము నుంచి వచ్చినదే. కానీ ఆ పొడి జిగురులాంటి ద్రవంలో కలిసి గట్టి పొరగా మారుతుంది. ఇనుమును పట్టుకుంటుంది, పై రంగునూ పట్టుకుంటుంది. డబ్బా మీద ఎంత థిన్నరు కలపాలో, ఎన్ని గంటలు ఆరాలో రాసి ఉంటుంది. అది చదివే కలపాలి. చదవడం నేర్చుకున్నది ఇలాంటి చోట అక్కరకొస్తుంది. రంగు డబ్బా మీద సీసం గురించి ఏం రాశారో కూడా చూసి కొనాలి.

పై రంగు: ప్రైమరు ఆరాక, సన్న కాగితంతో ఒకసారి రుద్ది, తుడిచి, ఎనామిల్ రంగు వెయ్యాలి. మందంగా ఒకేసారి పూస్తే కిందికి కారుతుంది. పలచగా రెండు మూడు పూతలు వెయ్యాలి. ఒక పూత బాగా ఆరాకే ఇంకోటి. గోళీలు కూర్చునే చోట, మరలు ఉన్న చోట రంగు పడకుండా గుడ్డ కుక్కాలి. ముందు బిళ్ళకు కాగితం అంటించాలి.

ఎక్కడ వెయ్యాలి? చెట్టు కొమ్మకు తాడు కట్టి ఫ్రేమును వేలాడదీస్తే అన్ని వైపులా చెయ్యి ఆడుతుంది. పొద్దున పూట, నీడ పట్టున వెయ్యాలి. మన మే నెల ఎండలో వేస్తే పైపొర చటుక్కున ఆరి, లోపల పచ్చిగా ఉండి ముడతలు పడుతుంది. వాన ముసురులో అసలు వెయ్యకూడదు. మిరపకాయలు ఆరబోసిన కల్లం దగ్గరా వెయ్యకూడదు. మిరప దుమ్ము, పత్తి నూగు వచ్చి పచ్చి రంగుకు అంటుకుంటాయి. రంగు వాసన, తుంపర కాయలకూ పడతాయి. రెండూ పాడే. పొయ్యి దగ్గర కూడా వద్దు. థిన్నరు చటుక్కున అంటుకుంటుంది.

గీతలు: పాత సైకిళ్ళ నల్లరంగు మీద సన్నగా బంగారు రంగు గీతలు ఉండేవి. సన్న బ్రష్షుతో వాటిని మళ్ళీ వెయ్యవచ్చు. రోజూ ముగ్గు పెట్టే చేతికి ఆ గీత కష్టం కాదు.

బిగించడం: రంగు ముట్టుకుంటే అంటకపోయినా లోపల గట్టిపడటానికి వారం పడుతుంది. అంతదాకా బిగించకూడదు. సీటు గొట్టంలోకి కొంచెం నూనె పోసి, ఫ్రేమును అటూ ఇటూ తిప్పితే లోపల కూడా తుప్పు పట్టదు. తరవాత గ్రీజు పెట్టి, గోళీలు లెక్క చూసి బిగించాలి. బ్రేకులు షాపతని చేత సరిచూపించాలి. బ్రేకు పడని సైకిలుకు ఎంత మంచి రంగు ఉన్నా ఎక్కకూడదు. వెనక ఎర్ర అద్దం బిగించడం మరచిపోవద్దు.

దండం కోయించకండి

ఆడవాళ్ళు ఎక్కాలంటే దండం అడ్డం కదా, కోయించేద్దాం అనుకునేవాళ్ళు ఉంటారు. ఆ పని చెయ్యవద్దు.

ఇంటి కప్పు కింద వాసాలు, దూలం మూడు మూలలుగా ఎందుకు కడతారు? మూడు మూలల కట్టు కదలదు. సైకిలు ఫ్రేములో కూడా అదే బలం. దండం తీసేస్తే బరువు పడ్డప్పుడు ఫ్రేము వంగుతుంది. అతుకులు పగులుతాయి. ఆడవాళ్ళ సైకిలులో దండం కిందికి దించి, దానికి తగినట్టు ఫ్రేమే వేరుగా కడతారు. మగవాళ్ళ ఫ్రేమును కోస్తే అది ఆడవాళ్ళ సైకిలు కాదు, విరగబోయే సైకిలు.

మరి ఆ దండం ఉన్న సైకిలు ఆడవాళ్ళు తొక్కగలరా?

తమిళనాడులో పుదుక్కోట జిల్లా ఉంది. అక్కడ 1991లో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు ఆడవాళ్ళకు సైకిలు నేర్పారు. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ ఆ ఆలోచన చేశారు. రాళ్ళ క్వారీల్లో పనిచేసే ఆడవాళ్ళు, అంగన్‌వాడీ పనివాళ్ళు, టీచర్లు నేర్చుకున్నారు. మొదట్లో వాళ్ళను చూసి నవ్వారు, మాటలన్నారు. వాళ్ళు ఆగలేదు. 1992 మహిళా దినం నాడు 1,500 మందికి పైగా ఆడవాళ్ళు సైకిళ్ళ మీద ఊరేగింపుగా వచ్చారు. పి. సాయినాథ్ అనే పాత్రికేయుడు ఈ సంగతులన్నీ 1996లో వచ్చిన తన పుస్తకంలో రాశారు.

అక్కడ ఆడవాళ్ళ సైకిళ్ళు చాలక మగవాళ్ళ సైకిళ్ళే కొన్నారు. కొంతమంది కావాలనే దండం ఉన్న సైకిలు కొన్నారు. దండం మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు కదా! అడ్డం అనుకున్నదే వాళ్ళకు అక్కరకొచ్చింది. వాళ్ళు నీళ్ళ బిందెలు మోసుకున్నారు, పిల్లల్ని ఎక్కించుకున్నారు, బస్సు కోసం గంటలు చూడటం మానుకున్నారు.

ఆలోచించండి

మన వైపు ఆడవాళ్ళు పత్తి తీతకు, మిరప కోతకు ఆటోల్లో కిక్కిరిసి పోతున్నారు. దూరం చేలకు అది తప్పకపోవచ్చు. కానీ ఊరి పక్క చేనుకు, రేషను కొట్టుకు, ఆసుపత్రికి, ఆడపిల్ల బడికి సైకిలు చాలు. దానికి పెట్రోలు అక్కర్లేదు. ఎవరినీ బతిమాలక్కర్లేదు. బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిలుకు సాయం చేస్తే, బడి మానెయ్యకుండా చదువుకునే పిల్లలు పెరిగారు.

మీ పంచలో ఉన్న పాత బండిని ఈ వారం బయటికి తియ్యండి. దుమ్ము తుడవండి. నెంబరు చదివి రాసుకోండి. దారం కట్టి కొలవండి. షాపతనికి చూపించండి. రంగుకు, ప్రైమరుకు, కాగితానికి, బిగింపు కూలికి ఎంతవుతుందో రెండు మూడు చోట్ల అడిగి, కూడి చూడండి. పాత ఇనుముకు ఇస్తే ఎంత వస్తుందో దాని పక్కన రాయండి. బాగుచేస్తే ఎవరు తొక్కుతారో, ఎక్కడికి పోతారో అది కూడా రాయండి.

అప్పుడు లెక్క మీ చేతిలో ఉంటుంది. పాత సామాన్లవాడు వచ్చి కేకేసినప్పుడు అమ్ముతారో, అమ్మరో మీరే చెప్పవచ్చు.